పళ్లెంలో గెలిచినదానికి వేరు దగ్గర లెక్క అడగండి: చిత్తూరు, తిరుపతి కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్ గార్లకు,

టమోటా మడిలో ఒక చెట్టు మిట్టమధ్యాహ్నం తల వాల్చేసి, పొద్దు వాలాక తేరుకుని, మూడో నాలుగో రోజుకు ఆకు పసుపెక్కకుండానే పచ్చగా ఎండిపోయిందంటే, జబ్బేదో తేల్చడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు. మొదలు దగ్గర కాండాన్ని బెత్తెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా దారంతో వేలాడదీయాలి. గ్లాసు కదపకూడదు. అయిదు నిమిషాల్లోపే కోతలోంచి పాలలాంటి సన్నటి దారం కిందికి జారుతుంది. ఆ దారం నిండా ఉన్నది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా. పలమనేరు, వి.కోట, కుప్పం వైపు రైతులకు ఇది ఎండు తెగులు. ఫ్యుజేరియం బూజు వల్ల వచ్చేదీ వాళ్ల నోట ఎండు తెగులే, మందు తప్పేది అక్కడే. బూజు వల్లనైతే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, గ్లాసులో దారం రాదు.

ఈ రాల్‌స్టోనియా మీదికి జన్యువులు మార్చిన మేలు బాక్టీరియాను వదలాలన్న ఆలోచన ల్యాబుల్లో చాలాకాలంగా ఉంది. తిరుపతిలో ఇన్ని విశ్వవిద్యాలయాలు, ఒక ఐఐఎస్‌ఈఆర్, ఒక ఐఐటీ, ఒక వ్యవసాయ కళాశాల ఉన్నాయి. రేపో మాపో అలాంటి పొలం పరీక్షకు ఇక్కణ్నుంచే అర్జీ బయల్దేరినా వింతేమీ లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరు 5న వచ్చిన నియమాల ప్రకారం నేలలోకి వదిలే అనుమతి ఢిల్లీలో జన్యుమార్పు జీవులను మదింపు చేసే కేంద్ర సంఘం జీఈఏసీది. కానీ అలాంటి జీవులు వాడే చోట జాగ్రత్తలు సరిగా ఉన్నాయా అని చూడాల్సిన జిల్లా స్థాయి సంఘం కలెక్టర్ చేతి కిందిది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి, జిల్లా వైద్యాధికారి, వ్యవసాయాధికారి అందులో కూర్చుంటారు. వాళ్ల ముందుకు రంగురంగుల బొమ్మలతో ఒక అర్జీ వస్తే, ఏమడగాలి? అది చెప్పడానికే ఈ లేఖ. ఈ పద్ధతి వద్దనేవాళ్లం కాదు మేం. కాకపోతే ఇందులో అందరూ చూపేది ల్యాబు పళ్లెంలో శత్రువును చంపే బలం. చూడాల్సింది మాత్రం మన నేలలో, మన వేరు మీద ఆ జీవి ఎన్నాళ్లు, ఎన్ని కణాలుగా నిలబడుతుందన్నది.

ముందు మందులు ఎందుకు ఓడిపోతున్నాయో రెండు మాటలు. రాల్‌స్టోనియా వేరుకు తగిలిన గాయంలోంచి, నులిపురుగు చేసిన కన్నంలోంచి, పక్కవేరు పొడుచుకొచ్చే పగులులోంచి దూరుతుంది. దూరి, నీళ్లు పైకెక్కే దారుకణజాలంలో చేరి, జిగురు కట్టి ఆ గొట్టాలను పూడ్చేస్తుంది. చెట్టు వాడిపోయేది దాహంతోనే, మడిలో తడి ఉన్నా సరే. ఆకు మీద కొట్టిన మందు అక్కడికి చేరదు. అంగట్లో రైతు అడిగే స్ట్రెప్టోసైక్లిన్‌లో తొమ్మిది పాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒక పాలు టెట్రాసైక్లిన్. ఒకటి క్షయకు వాడిన మందు, రెండోది ఇప్పటికీ ఆసుపత్రుల్లో పనికొచ్చే మందు. పంటల మీద ఈ జంట వాడకాన్ని ఆపేందుకు కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి బాక్టీరియా మీదికి బాక్టీరియాను ఉసిగొల్పాలన్న ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు.

ఇందులో నిజంగా గెలిచిన కథ ఒకటుంది, అది ఆస్ట్రేలియాది. బాదం, పీచ్, గులాబి మొక్కల మొదట్లో కంతులు పుట్టించే ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి ఉంది. అది మొక్కకు తన జన్యువులు ఎక్కించి, మొక్క చేతనే తనకు కావలసిన తిండి వండించుకుంటుంది. అడిలైడ్‌లో అలన్ కెర్ర్ బృందం 1970ల మొదట్లో దాని దాయాదినే ఒకదాన్ని పట్టింది, పేరు కే84. ఇది వదిలే విషం అచ్చం ఆ తిండిలాగే కనిపిస్తుంది. కంతి బాక్టీరియా ఆబగా లోపలికి లాక్కుంటుంది, లాక్కున్నాక దాని ప్రొటీన్ల తయారీ ఆగిపోతుంది. ఎర వేసి చంపడమన్నమాట. చిక్కేమిటంటే, విషం తయారుచేసే జన్యువులూ, ఆ విషం నుంచి తప్పించుకునే జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం) మీద ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి గెంతగలదు. అది శత్రువుకు చేరిందా, శత్రువే విషం తట్టుకునేదైపోతుంది. అందుకే గెంతడానికి పనికొచ్చే ముక్కను కోసేసి కే1026 తయారుచేశారు. 1989 నుంచి అక్కడ అమ్ముతున్నారు. నాటే ముందు వేళ్లను దాని ద్రావణంలో ముంచుతారు, అంతే.

కలెక్టర్ గార్లు గమనించాల్సింది ఏమిటంటే, ఇందులో కొత్త జన్యువేదీ పెట్టలేదు, ఉన్నది ఒకటి తీసేశారు. మొక్క లోపలికి రోగజన్యువు ఎక్కకముందే వేరు మీద కాపలా పెట్టారు, ఎక్కాక పెడితే దండగ. అన్ని కంతుల మీదా ఇది పనిచేయదు కూడా, ద్రాక్షలో కంతులు పుట్టించే రకం ఈ విషాన్ని లెక్కచేయదు. ఇంత బాగా గెలిచినదానికే ఇన్ని షరతులుంటే, రాల్‌స్టోనియా మీద వచ్చే అర్జీకి ఇంకెన్ని ఉండాలి?

ఆ అర్జీ మూడు రకాలుగా రావచ్చు.

మొదటిది, రోగకారకాన్నే కోరలు తీసి వాడటం. చెట్టు కణంలోకి విషపు ప్రొటీన్లు గుచ్చే సూదిలాంటి యంత్రం ఒకటి రాల్‌స్టోనియాకు ఉంది. దాన్ని నడిపే జన్యువులు చెడగొడితే జబ్బు రాదు, కానీ వేరులోకి మాత్రం దూరగలదు. ముందే సీటు పట్టుకుని అసలు దొంగకు చోటు లేకుండా చేస్తుంది. ఫ్రాన్స్‌లో 1990 ప్రాంతంలోనే టమోటా మీద దీన్ని చేసి చూపారు. ఆలోచన ముచ్చటగానే ఉంటుంది. అయితే రాల్‌స్టోనియాకు చచ్చిన తోటి కణాల డీఎన్ఏను నేలలోంచి, చెట్టులోంచి నేరుగా మింగి తన జన్యువుల్లో కలుపుకునే గుణం పుట్టుకతోనే ఉంది. పీకిన కోర మళ్లీ మొలవడానికి పక్కనే జబ్బు చెట్టుంటే చాలు. తెగులు ఉన్న మడిలోనే కదా ఇది వాడేది! ఇలాంటి అర్జీని పొలం దాకా రానివ్వకూడదని మా అభిప్రాయం. కుండీల్లో, మూసిన గదిలో ఎంతైనా చేసుకోనివ్వండి.

రెండోది, వేరు మీద మామూలుగా బతికే మేలు బాక్టీరియా సూడోమోనాస్‌కు కొత్త ఆయుధం ఇవ్వడం. శత్రువును చంపే పదార్థం తయారుచేసే జన్యువును దాని క్రోమోజోమ్‌లో పెడతారు. ఇక్కడ రెండు అడగాలి. జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందా, క్రోమోజోమ్‌లో ఉందా? ప్లాస్మిడ్ మీదైతే నేలలో కొన్ని తరాలకే వదిలేస్తుంది, లేదా ఇంకోదానికి అంటిస్తుంది. గుర్తుకోసం పెట్టిన యాంటీబయాటిక్ నిరోధక జన్యువును తీసేశారా? తీయడానికి పద్ధతులున్నాయి, ‘పరిశోధన సౌలభ్యం కోసం ఉంచాం’ అన్న జవాబు ఒప్పుకోవద్దు.

మూడోది అన్నిటికంటే ఆకర్షణగా ఉంటుంది: శత్రువు వాసన పట్టి, అప్పుడే విషం వదిలే బాక్టీరియా. సింగపూర్‌లో 2011లో పేగుల్లో బతికే ఈ.కోలై మీద ఇది చేశారు. మనుషులకు జబ్బు చేసే సూడోమోనాస్ ఎరుగినోసా తమలో తాము మాట్లాడుకునే రసాయనం తగలగానే, మార్చిన ఈ.కోలై విషం తయారుచేసుకుని, తనే పగిలి ఆ విషాన్ని చిమ్ముతుంది. 2017లో ఎలుకల్లోనూ పనిచేయించారు. దీన్ని రాల్‌స్టోనియాకు అతికిస్తే ఏమవుతుంది? రాల్‌స్టోనియా కూడా అలాంటి సంకేతం వాడుతుంది, కానీ దాని గుంపు మి.లీ.కు కోటి దాటాకే ఆ సంకేతం గట్టిపడుతుంది. ఆ సాంద్రత చేరేది దారుకణజాలం లోపల. మన కాపలా సూడోమోనాస్ ఉండేది వేరు బయట. దొంగ ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాక వీధిలో కుక్క మొరిగినట్టుంటుంది. కాపలా జీవి కూడా చెట్టు లోపల బతకగలదని చూపితే తప్ప ఈ రకం అర్జీకి అర్థం లేదు.

ఇక పళ్లెం సంగతి. ప్రతి అర్జీలోనూ ఒక ఫొటో ఉంటుంది: బాక్టీరియాను పెంచే జెల్లీ (అగర్) పోసిన పళ్లెం మధ్యలో మేలు బాక్టీరియా చుక్క, చుట్టూ శత్రువు పెరగని తేట వలయం. ఈ ఫొటో చూసి ఎవరూ మోసపోవద్దు. సూడోమోనాస్‌ను పెంచే కింగ్స్ బి మాధ్యమంలో ఇనుము తక్కువ. ఇనుము దొరక్క అది పచ్చటి వెలుగునిచ్చే ఒక పదార్థం వదిలి, ఉన్న కొద్ది ఇనుమునూ లాగేసుకుంటుంది. పక్కన శత్రువు ఆకలితో ఆగిపోతుంది. వలయం వచ్చింది విషం వల్లనా, ఆకలి వల్లనా? తేల్చడం చాలా సులువు. అదే మాధ్యమంలో 100 మైక్రోమోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుము లవణం) కలిపి మళ్లీ వేయాలి. వలయం మాయమైతే అది ఇనుము కొట్లాట. అందుబాటులో ఇనుమున్న నేలలో ఆ గెలుపు నిలవదు. ఈ రెండో పళ్లెం ఫొటో లేని అర్జీని అక్కడికక్కడే వెనక్కి పంపవచ్చు.

వేరు దగ్గర లెక్క అంటే ఏమిటో వివరంగా చెప్తాం, ఈ లేఖకు ప్రాణం అదే. నాటిన 7, 15, 30, 45 రోజులకు చెట్లు పీకి, వదులుగా ఉన్న మన్ను దులిపి, వేరుకు అంటిన మన్నుతో సహా 1 గ్రాము తూచి, ఉప్పునీటి ద్రావణంలో కడిగి, పలుచన చేసి పళ్లెంలో వేసి లెక్కపెట్టాలి. సూడోమోనాస్ తెగుళ్లను అణచాలంటే గ్రాము వేరుకు సుమారు లక్ష కణాలు ఉండాలని పాత పరిశోధనల్లోనే తేలింది. దానికి దిగితే చెట్టుకు రక్షణ లేదు. మొదటి వారం కోటి ఉండి, పూతకొచ్చేసరికి వెయ్యికి పడిపోవడం మామూలే. ఎండు తెగులు విజృంభించేదేమో సరిగ్గా పూత, కాయ దశలో, నేల వేడి 30 డిగ్రీలు దాటినప్పుడు. కుండీల్లో వెతుకులాటకు రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే సహజ మార్పు ఉన్న రకాన్ని వాడవచ్చు. పొలంలో మాత్రం ఆ జీవికే ప్రత్యేకమైన డీఎన్ఏ ముక్కను పీసీఆర్‌తో వెతకాలి. పీసీఆర్ చచ్చిన కణాలనూ లెక్కేస్తుంది, కాబట్టి పక్కన పళ్లెం లెక్క కూడా ఉండాల్సిందే.

నిలబడే గుణం ముందు చూసుకుంటే జన్యువు మార్చకుండానే ఎంత సాధించవచ్చో ఒడిశా చూపింది. అక్కడి పల్లెల్లో 4,556 మంది పసిబిడ్డలతో చేసి, 2017లో ప్రచురించిన పరీక్షలో, పేగుకు అతుక్కునే గుణం చూసి ఎంచిన ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి తిండిగా ఒక చక్కెరతో కలిపి వారం రోజులు పట్టారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్, మరణం రెండూ కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం ఆ ఒక్క రకానిది. అంగట్లో దొరికే ప్రతి ప్రోబయోటిక్ పొట్లానిదీ అనుకుంటే పొరపాటు.

‘మడి దాటి తప్పించుకుంటే దానంతట అదే చచ్చేలా దాని జన్యువుల్లో మీట పెట్టాం’ అని అర్జీ పెట్టేవాళ్లు అంటారు. మీట పెట్టడం మంచిదే. అయితే దాని లెక్క కూడా అడగండి. 10 కోట్ల కణాల్లో ఒకటికి మించి తప్పించుకోకూడదన్నది అమెరికా ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. వినడానికి గట్టిగానే ఉంది. గ్రాముకు 10 కోట్ల కణాలున్న పొడి ఎకరాకు 1 కిలో వేస్తే మొత్తం 10 వేల కోట్ల కణాలు. అంటే ఆ కొలబద్ద పాటించినా 1,000 కణాలు మీట పనిచేయకుండా మిగులుతాయి. పైగా మీట మోయడం బాక్టీరియాకు భారం, చెడగొట్టుకున్నదే పక్కవాటికంటే వేగంగా పెరుగుతుంది. అందుకని ఒక మీట చాలదు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి రెండైనా ఉండాలి. మీట వేసిన కణాల్లో ఎన్ని బతికాయో వందో తరం తర్వాత తీసిన లెక్క అర్జీకి జతచేయాలి, మొదటి రోజు లెక్క ఎవరికి కావాలి?

పరీక్ష మడిని ఎక్కడ పెడతారన్నదీ చిన్న విషయం కాదు. మన దగ్గర చెరువుల కింద చెరువులు గొలుసుగా ఉంటాయి, ఒక మడి మురుగు కింది చెరువుకు చేరుతుంది. వాన కాలంలో పరీక్ష వద్దు. చుట్టూ కట్ట, కింది వైపు గుంట ఉండాలి. గుంట నీటికి బ్లీచింగ్ పౌడర్ వేశాకే బయటికి వదలాలి. బురద నీళ్లలో క్లోరిన్ మన్నుకే ఖర్చయిపోతుంది కాబట్టి, వేసిన అరగంటకు కూడా క్లోరిన్ మిగిలి ఉందో లేదో పరీక్షపట్టీతో చూడాలి. పరీక్ష ముగిశాక చెట్లను వేళ్లతో సహా పీకి, అక్కడే కాల్చాలి. మడిని తడిపి పలుచని, ఎండ లోపలికి దిగే పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి ఏప్రిల్, మే ఎండల్లో ఆరు వారాలు ఉంచాలి. మల్చింగ్‌కు వాడే నల్ల షీటు దీనికి పనికిరాదు, వేడి షీటు మీదే ఆగిపోతుంది. ఏ పంచాయతీలో పెడుతున్నారో ఆ పంచాయతీకి తెలుగులో, గ్రామసభలో చదివి వినిపించాలి.

ల్యాబుల విషయంలో ఒకే ఒక్క మాట. మార్చిన బాక్టీరియా చెత్తను ఆటోక్లేవ్ అనే ఆవిరి పాత్ర‌లో 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో కనీసం 30 నిమిషాలు ఉంచుతారు. సంచి కుక్కి నింపి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు, మధ్యలోవి బతికే ఉంటాయి. పైన అంటించిన టేపు మీద నల్లగీతలు మాత్రం చక్కగా వస్తాయి! ఆ గీతలు సంచి బయట వేడి తగిలిందనే చెబుతాయి. మీ సంఘం తనిఖీకి వెళ్తే టేపు చూడకుండా, సంచి నడిమధ్యలో పెట్టే, వేడికి ఓ పట్టాన చావని బాక్టీరియా స్పోర్లున్న పట్టీల రిజిస్టరు అడగండి.

ఇదంతా రేపటి సంగతి. ఇవాళ చేయాల్సిన పని ఒకటుంది, అది చేయకుండా రేపటిది మొదలుపెడితే కొత్త జీవి కూడా పాతవాటి దారే పడుతుంది. ఇప్పుడు అంగళ్లలో, రాయితీ మీద దొరికే సూడోమోనాస్, బాసిల్లస్ పొడుల్లో బతికున్నవి ఎన్ని? సూడోమోనాస్‌కు విత్తనంలాంటి గట్టి పెంకు ఉండదు, టాల్క్ పొడిలో నెలలు గడిచేకొద్దీ చచ్చిపోతుంది. రేకుల షెడ్డు కింద ఎండాకాలం ఉంచితే ఇంకా త్వరగా. బాసిల్లస్ స్పోర్లు కట్టి తట్టుకుంటుంది.

లెక్క తీయడానికి డిగ్రీ కాలేజీ ల్యాబు చాలు. పొడి 10 గ్రాములు 90 మి.లీ. శుద్ధిచేసిన ఉప్పునీటిలో కలిపి బాగా కుదపాలి. అందులోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ.లో, దాంట్లోంచి మళ్లీ 1 మి.లీ. తీసి ఇంకో 9 మి.లీ.లో, ఇలా అయిదుసార్లు. ప్రతిసారీ కొత్త పిపెట్, లేదంటే మొదటి గొట్టంలోవి చివరిదాకా వచ్చి లెక్క ఉబ్బుతుంది. చివరి గొట్టంలోంచి 0.1 మి.లీ. కింగ్స్ బి పళ్లెం మీద పరిచి, 28 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి, చీకట్లో యూవీ దీపం కింద చూస్తే సూడోమోనాస్ చుక్కలు పసుపుపచ్చగా మెరుస్తాయి. 42 చుక్కలొస్తే గ్రాముకు 42 కోట్లు. 30 కంటే తక్కువ వచ్చినా, 300 దాటినా ఆ పళ్లెం లెక్కలోకి తీసుకోకూడదు, దాని ముందుదో తర్వాతదో చూడాలి. మెరవని చుక్కలే ఎక్కువుంటే పొడిలో వేరేవి కలిశాయన్నమాట. బాసిల్లస్‌కైతే మొదటి ద్రావణాన్ని 80 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, మామూలు న్యూట్రియంట్ అగర్ మీద వేస్తే స్పోర్లు మాత్రమే లేస్తాయి.

బతికున్న పొడి చేతికొచ్చాక కూడా పొలంలో చంపడానికి దారులు చాలా ఉన్నాయి. ఒకే డ్రమ్ములో కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపేయడం అన్నిటికంటే మామూలు తప్పు. బ్లీచింగ్ పౌడర్ పోసిన మర్నాడే వేయడం ఇంకోటి. టాల్క్ నీళ్లలో కరగదు కాబట్టి డ్రిప్పులో వదిలితే రంధ్రాలు పూడుకుంటాయి, రైతు విసుగొచ్చి మళ్లీ దాని జోలికి పోడు. డ్రిప్పుకు ద్రవరూపంలోది ఇప్పించాలి.

మా మాట వింటే ఈ ప్రయత్నమంతా మడిలో కంటే నర్సరీలో పెట్టాలి. ఎకరాకు 6,000 మొక్కలనుకుంటే 98 గుంతల ప్రోట్రేలు 62 సరిపోతాయి. వాటిలో నింపే కొబ్బరిపొట్టులో పోటీ పడే సూక్ష్మజీవులు నేలలోకంటే తక్కువ, కాబట్టి మొదట దిగినదే వేరును ఆక్రమించుకుంటుంది. మొలకెత్తిన వారానికి లీటరుకు 10 గ్రాముల లెక్కన కలిపి, గుంతకు 5 మి.లీ. పోస్తే ఎకరా నారుకంతా 30 లీటర్ల నీళ్లు, 300 గ్రాముల పొడి అయిపోతుంది. నారు మడికి చేరేనాటికే వేరు మీద కాపలా ఉంటుంది, కే1026 గెలిచింది కూడా ఇలాంటి చోటే. మార్చిన జీవికైనా, మార్చని జీవికైనా పరీక్ష ఇక్కడే మొదలవ్వాలి. షేడ్‌నెట్ కింద ఉంటుంది కాబట్టి కట్టడి కూడా సులువు. ఎండు తెగులు ఏటా వచ్చే మడులకు మాత్రం తట్టుకునే వంకాయ వేరుమూలం మీద అంటుకట్టిన నారునో, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి రకాలనో ఇప్పించండి. బాక్టీరియా మీద భారమంతా వేయడం న్యాయం కాదు.

కాబట్టి అడుగుతున్నవి ఇవి. జిల్లా స్థాయి సంఘాన్ని అర్జీ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే కూర్చోబెట్టండి, అందులో నేల సూక్ష్మజీవుల పని తెలిసిన ఒకరిని చేర్చండి. వేరు దగ్గర 45 రోజుల లెక్క, ఇనుము కలిపిన పళ్లెం, వందో తరం మీట లెక్క లేని అర్జీకి జిల్లా తరఫున అభ్యంతరం రాసి పంపండి. అంగళ్లలోని ప్రతి బ్యాచ్ మేలు బాక్టీరియా పొడినీ ఖరీఫ్‌కు ముందొకసారి, రబీకి ముందొకసారి లెక్కపెట్టించి, ఫలితాన్ని రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టించండి. నమూనా తీసేవాళ్లకు ఒక్క సూచన: కంపెనీవాళ్లు కొత్తగా తెచ్చి చేతిలో పెట్టే ప్యాకెట్ వద్దు. అంగడి ముందు అరలో, ఎండ పడేచోట వేలాడుతున్నది తీసుకోండి. రైతు ఇంటికి వెళ్లేది అదే.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మొక్కల తెగుళ్లు, నేల సూక్ష్మజీవుల మీద పనిచేసేవాళ్లం